ఎడమ పక్క ఖాళీ

స్కానింగు గదిలో కొత్తగా చేరిన డాక్టరమ్మకు మొండిఘటమని అప్పటికే పేరొచ్చింది. ఆ ఉదయం ఆమె ముందు పడుకున్నది ఓ దర్జీ ఆవిడ. పొత్తికడుపులో ఎడమవైపు పిడికెడంత గడ్డ. మర్నాడే ఆపరేషన్. "కణితి. ఎంతవరకు పాకిందో చూడండి" అని సర్జన్ గారు చీటీ పంపారు.

డాక్టరమ్మ గడ్డను చూసింది. ఎవరూ అడక్కపోయినా కిడ్నీలు కూడా చూసింది. కుడిది ఉంది. ఎడమది ఉండాల్సిన చోట లేదు. పక్కకు తిప్పి చూసింది, బోర్లా పడుకోబెట్టి చూసింది. పేగులే తప్ప మరేమీ లేవు. పాత రిపోర్టు తీస్తే, "గ్యాస్ వల్ల ఎడమ కిడ్నీ సరిగా కనబడలేదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులిపేసుకున్నారు.

"ఎప్పుడైనా కిడ్నీ తీసేశారా అమ్మా?"

"నేను బట్టలు కత్తిరించడమే గానీ, నన్నెవరూ కత్తిరించలేదండీ," అంది దర్జీ ఆవిడ, నవ్వబోయి ఏడుపు దిగమింగుతూ.

డాక్టరమ్మ నేరుగా సర్జన్ గదికి వెళ్లింది.

"సార్, ఆ గడ్డ కిడ్నీయేమోనని నా అనుమానం. తల్లి కడుపులో ఉన్నప్పుడే నడుం పైకి ఎక్కాల్సింది, ఎక్కకుండా కిందే ఉండిపోయిందేమో. మందు ఎక్కించి సీటీ స్కాన్ తీద్దాం."

"ముప్పై ఏళ్లుగా పొట్టలు కోస్తున్నాను. కణితిని పోల్చుకోలేనా? ఆలస్యం అమృతం విషం."

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు కదండీ. ఎడమ కిడ్నీ ఎక్కడుందో తేలేదాకా నేను రిపోర్టు మీద సంతకం పెట్టను."

ఆయన మొహం కందగడ్డైంది. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి విసుక్కుంటూ ఆయనే చీటీ రాసిచ్చారు.

మధ్యాహ్నం ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. మందు చేరగానే కుడి కిడ్నీ తెల్లగా మెరిసింది. కింద ఉన్న గడ్డా అంతే తెల్లగా మెరిసింది. కాసేపాగి తీసిన బొమ్మల్లో దాని నుంచి ఓ సన్నని గొట్టం మూత్రసంచిలోకి దిగుతూ కనబడింది. నిక్షేపంగా పనిచేస్తున్న కిడ్నీ!

సర్జన్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "రేపు దీన్నే తీసేసేవాణ్ణి," అన్నారు మెల్లగా. ఆ కబురు చెప్పడానికి ఆయనే వార్డుకు నడిచారు, డాక్టరమ్మను వెంటబెట్టుకుని.

"అది కణితి కాదమ్మా, నీ కిడ్నీయే. అక్కడే పుట్టింది, అక్కడే ఉండనీ. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఈ మాట చెప్పు. నేను పొరబడ్డాను. ఈ డాక్టరమ్మ పట్టిన పట్టు విడవలేదు."

దర్జీ ఆవిడ రెండు చేతులతో పొట్ట కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, పక్కనే బిత్తరపోయి నిలబడ్డ అక్క కొంగు పట్టి లాగింది.

"అక్కా, ఏదైనా తెచ్చిపెట్టవే. ఆకలి దంచేస్తోంది."