అడవిలో పడ్డ చాలు

వత్సవాయి పొలాల నడుమ రెండెకరాల చిట్టడవి మిగిలి ఉంది. అందులో ఇనుము దించరాదని ఊరి కట్టుబాటు. పొరపాటున నాగలి దిగితే, చాలు ఎంత మేర పడిందో అంత మేర తన పొలాన్ని ఆ రైతు అడవికి వదిలివేయాలి.

తొలకరికి బ్రహ్మయ్య ఆ అడవి పక్కనున్న తన పొలంలో నాగలి కట్టాడు. నందిగామ సంతలో కొన్న గిత్తలు ఉరుముకు బెదిరి, నాగలితో సహా అడవిలోకి దూసుకుపోయాయి. అతడు వాటిని ఎలాగో బయటికి మళ్ళించి వెనుదిరిగి చూస్తే, మోదుగుచెట్ల మధ్య పొడవాటి చాలు! అతడికున్నది ఎకరమే. చుట్టుపక్కల ఎవరూ లేరు. గబగబా కాలితో మన్ను పూడ్చసాగాడు.

"కాళ్ళు నొప్పెడతాయి గానీ, పార తెచ్చివ్వనా?" అంది భార్య సీతారావమ్మ, అన్నం గంపతో గట్టు మీదికొస్తూ.

"పారా ఇనుమేగదే, లోపలికెట్టా తెస్తావు?" అని కసిరాడు బ్రహ్మయ్య.

ఆమె పకపకా నవ్వింది. "ఆహా, ఎంత నియమమయ్యా నీది!"

బ్రహ్మయ్య కాలు ఆగిపోయింది. పొలం అవతలి కొసనున్న రాళ్ళనేలకేసి చెయ్యి చూపి గొణిగాడు: "పోనీ, ఆ రాళ్ళవైపు వదిలేద్దాం."

"అడవి ఇటుంటే అటు వదుల్తావా? చెట్లు నడిచిపోతాయా ఏం?"

అతడు మళ్ళీ నాగలి పట్టాడు. అడవిని ఆనుకున్న నల్లరేగడిలో వదలవలసిన మేర వదిలి, దానికి ఇవతల కొత్త గట్టుకోసం చాలు తోలాడు.