పేరు పెట్టి పిలిచిన సాయంత్రం

కొత్త సరుకు మండీకి వచ్చినప్పుడు నేను గంప పైభాగం చూడను. మోచెయ్యి మునిగేదాకా లోపలికి దూర్చి, అడుగున ఉన్న చింతపండు ఒక పిడికెడు తీసి వాసన చూస్తాను. పైన పరిచేది ఎప్పుడూ మంచి పండే. మనుషుల మర్యాదలనూ అలాగే చూస్తాను. ఎవరైనా అవసరానికి మించి నవ్వితే ఈయన అడుగున ఏం పెట్టాడో అనుకుంటాను. ఈ అలవాటుతో స్నేహితులు తగ్గారు, నష్టాలూ తగ్గాయి. మొత్తం మీద లాభమే అని నా లెక్క.

ఎనభై మూడులో, ఆషాఢం నడుస్తుండగా, కుప్పం రాళ్ల వ్యాపారి వెంకటేశులు పుంగనూరులో మా మండీకి వచ్చాడు. మదనపల్లె అవతల నెమలిగుండు కొండ మీద కొత్తగా విడిది కట్టించానన్నాడు.

“లాడ్జా?” అన్నాను.

“లాడ్జి కాదు నారాయణప్పా, రిసార్టు. బెంగుళూరోళ్లు వచ్చి ఉండి పోతారు.”

“ఆడ ఏముండాదని?”

“సల్లగాలి.”

“గాలి కోసరం కొండెక్కుతారా?”

“నువ్వే వచ్చి సూడు. అమ్మను గూడా పిల్చుకోని రా. నా కొండ మింద మొదటి అతిథులు మీరే.”

అతని వంటింటికి ఏడాది పొడుగునా చింతపండు, బెల్లం, మిరపకాయలు నేను పంపాలి. అందుకే ఈ పిలుపు. ఆ విడిది నిలబడితే నాకు శాశ్వతంగా ఒక గిరాకీ. ఏడాదికే పడిపోతే నా సరుకూ దానితోపాటు పోతుంది. చెయ్యి దూర్చి చూడకుండా మాటివ్వడం నా పద్ధతి కాదు కనుక వస్తానన్నాను.

మదనపల్లె బస్టాండులో దిగేసరికి అతని జీపు సిద్ధంగా ఉంది. కొండ మొదట్లో ఎండ కాస్తోంది. సగం ఎక్కాక మబ్బు రోడ్డు మీదికి దిగింది. పైకి పోయేకొద్దీ అది చిక్కబడి, డ్రైవరు తల బయట పెట్టి చక్రం చూసుకుంటూ నడిపాడు. నా భార్య మునిరత్నమ్మ ఒక చేత్తో జీపు కమ్మీని, మరో చేత్తో నా చొక్కాను పట్టుకుంది.

“ఏమయ్యా, ఇది పైకి పోతాండాదా, యాడికన్నా పోతాండాదా?” అంది.

“పైకే లేమ్మే,” అన్నాను. నాకూ తెలియదు.

జీపు ఆగగానే మబ్బులోంచి మనుషులు ఒక్కొక్కరే బయటపడ్డారు. బయ్యమ్మ అనే పనిమనిషి ఎర్రనీళ్లు దిగదుడిచి, బొట్టు పెట్టి, మా కాళ్లకు వేడినీళ్లు పోసింది. వంటమాస్టరు దొరస్వామి పన్నీరు బుడ్డి పట్టుకొచ్చి పెళ్లివారి మీద చల్లినట్టు మా తలల మీద చల్లాడు. మల్లెపూల దండలు వేశారు. మా సంచి నా చేతిలోంచి ఎవరు తీసుకున్నారో కూడా తెలియలేదు. మేము కూర్చోబోతే కుర్చీ దానంతట అదే వెనక్కి వచ్చింది. ఇంత మర్యాద నా పెళ్లిలో కూడా జరగలేదు. నాకు గుబులు మొదలైంది.

మునిరత్నమ్మ నా చెవిలో, “గంగమ్మ జాతరలో పొట్టేలుకు గూడా ఇట్లే దండేస్తారు,” అంది.

“నోరు మూసుకో,” అన్నాను గానీ నేనూ అదే అనుకుంటున్నాను.

గది చూపించారు. డన్‌లప్ పరుపు, పూల పరదాలు, గోడకు వెంకటేశ్వరస్వామి పటం. దొరస్వామి ఒక తలుపు తీసి, ఇదంతా మీ కోసమే అన్నట్టు చెయ్యి చాపాడు. లోపల తెల్లగా మెరిసే మరుగుదొడ్డి.

నా భార్య ముక్కు మీద కొంగు పెట్టుకుంది. “ఇదేందప్పా, పండుకునే గదిలోనా?”

“అటాచ్డ్ బాత్రూమ్మా. బయటికి పోయే పని లేదు.”

“దేవుడు గోడకవతల ఉండాడు కదప్పా. మనిషికన్నా సిగ్గుండొద్దా?”

దొరస్వామి నవ్వాడు. నేనూ నవ్వాను. మా పల్లెల్లో ఆ పని ఇంటికి ఎంత దూరంగా ఉంటే ఇల్లు అంత శుభ్రం. ఆ లెక్క ఆమె మనసులోంచి ఒక్క పూటలో పోదని నాకు తెలుసు. తెలిసీ దాన్ని పట్టించుకోలేదు.

కాఫీ తాగుతుండగా బయ్యమ్మ వరండాలో మునిరత్నమ్మ పక్కన చేరింది. వెంకటేశులు నేర్పిన మాటలన్నీ అయిపోయాక తన సొంత మాట ఒకటి చెప్పింది.

“అమ్మా, సందేళ ఈ కొండ మింద ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే పలకొద్దు. ముందెప్పుడో మేకలు మేపే ఆడమనిషి ఒకామె గుండు మింద నుంచి పడి సచ్చిపోయినాది. మనుషుల పేర్లు ఇనుకుంటాది. తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తాది.”

“బయ్యమ్మా!” అని వెంకటేశులు కసిరాడు. “వచ్చినోళ్లకు ఇదా సెప్పేది?”

“సెప్పకుండా ఉంటే పాపం కదప్పా,” అంది ఆమె, గిన్నెలు తీసుకుంటూ. మాకు మేలు చేయాలనే చెప్పింది. ఆ రోజు జరిగిన మర్యాదల్లో ఎవరూ నేర్పకుండా వచ్చింది అదొక్కటే.

మునిరత్నమ్మ మొహం పాలిపోయింది. నేను వెంకటేశులుతో కలిసి విడిది చూడడానికి లేచాను. నీళ్ల తొట్టి మూత ఎత్తి చూశాను. సామాన్ల గదిలో గోడకు చెమ్మ ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. విడిది వెనక్కి పోయాక రాతిపరుపు మీద సున్నంతో ఒక గీత గీసి ఉంది. గీత అవతల తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు.

“ఇదేంది?”

“కమ్మీ వచ్చే సోటు. కుప్పంలో తయారై ఉండాది. వారంలో వస్తాది.”

“గీత అవతల?”

“లోయ.”

ఒక రాయి తీసి విసిరాను. పడిన చప్పుడు వస్తుందని చెవి ఒగ్గి నిలబడ్డాను. రాలేదు. ఇద్దరమూ వరండాలోకి వచ్చేసరికి పొద్దు గూకింది. మునిరత్నమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

గదిలో చూశాను. లేదు. బాత్రూం తలుపు తీశాను. పొడిగా ఉంది. బల్ల మీద నీళ్లతో పెట్టిన ఇత్తడి చెంబు లేదు.

చెంబు లేదంటే ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. చెంబు తీసుకున్న మనిషి నలుగురూ ఉన్న వైపు పోదు. విడిది ముందు జీపు, డ్రైవరు, వంటవాళ్లు. మనుషులు లేనిది వెనకవైపే. అక్కడ పొదలు ఉన్నాయి, రాతిపరుపు ఉంది, సున్నపు గీత ఉంది. ఆ మబ్బులో గీత కనబడదు.

“వెంకటేశులూ, సెంబు లేదు,” అన్నాను. అతనికి అర్థమైంది. అరిచి అందరినీ పిలిచాడు. దొరస్వామి పెట్రోమాక్స్ వెలిగించాడు. వెలుతురు మబ్బుకు తగిలి మా మొహాల మీదికే తిరిగి వచ్చింది. రెండు బారల అవతల మనిషి కనబడటం లేదు.

“మునిరత్నమ్మా!” అని వెంకటేశులు కేకేశాడు.

“అమ్మా, మునిరత్నమ్మా!” అని దొరస్వామి.

డ్రైవరు ఒకవైపు నుంచి, తోటపని మనిషి మరోవైపు నుంచి కేకలు పెట్టారు. నేనూ గొంతు చించుకుని, “మునిరత్నా! మునిరత్నా!” అని అరిచాను. ఆ పేరు కొండ మీద అటూ ఇటూ తగిలి, ఎవరిదీ కాని గొంతుతో మా దగ్గరికే తిరిగి వచ్చింది.

జవాబు లేదు.

అప్పుడు ఇత్తడి రాతికి తగిలిన చప్పుడు వినబడింది. ఎడమవైపు, దగ్గర్లోనే. అందరం అటు తిరిగి మళ్లీ పిలిచాం. రెండోసారి చప్పుడు ఇంకాస్త దూరంగా వినబడింది. గీత వైపు.

మనిషి బతికే ఉంది, మా కేకలు వింటోంది, విని మాకు దూరంగా పోతోంది. ఎందుకు?

వెనకనుంచి బయ్యమ్మ ఏడుపు వినబడింది. “నేనే సెప్పినానప్పా. పేరు పెట్టి పిలిస్తే పలకొద్దని నేనే సెప్పినా.”

మేము పిలిచే ఒక్కో పిలుపు ఆమెను లోయ వైపు నెడుతోంది. “పిలవొద్దండి!” అని అరిచాను. “ఎవరూ నోరు తెరవొద్దు!”

అందరూ ఆగిపోయారు. మబ్బు చెవుల్లో దూది పెట్టినట్టుగా ఉంది. పిలిస్తే పోతుంది, పిలవకపోయినా తప్పించుకునే తొందరలో పోతుంది. బేరం ఎటు తిప్పినా నష్టమే కనబడుతోంది. దయ్యానికి మా గొంతులు వస్తాయని ఆమె నమ్మింది. అయితే దయ్యానికి తెలియనిది ఏముంది? దయ్యం ఆశపెట్టి పిలుస్తుంది. నిలబడి తిట్టదు. అందులోనూ ఆమె పుట్టింటివాళ్లను తిట్టదు.

వాయల్పాడులో ఆమె అన్న ఉన్నాడు, ఆంజనేయులు. దేవుడి పటం పక్కన పెట్టుకునేంత అభిమానం ఆమెకు ఆ మనిషి మీద.

ఆమెకు వినబడేలా గట్టిగా అన్నాను. “వెంకటేశులూ, మా బామ్మర్ది సంగతి నీకు తెలవదు. ఆంజనేయులు. కలికిరి సంతలో ఒట్టిపోయిన బర్రెను పాడిబర్రె అని అమ్మినోడు!”

వెంకటేశులు నాకు మతి పోయిందన్నట్టు చూశాడు. అటువైపు నుంచి మాట రాలేదు. కానీ చెంబు కదలలేదు.

“ఆ బర్రెను కొన్నోడు ఇంటికొస్తే అటక మింద దాక్కున్నాడు! ఆడోళ్ల సీర కప్పుకోని దాక్కున్నాడు!”

మబ్బులోంచి ఒక గొంతు, వణుకుతూ, కోపంతో చీలుతూ వచ్చింది.

“ఎవుర్ని అంటాండావు? మా అన్ననా? గింజ తియ్యని సింతపండును గింజ తీసిందని అమ్మేటోడివి, నువ్వా మా అన్నను అనేది?”

పక్కన నిలబడ్డవాడు నా సరుకు కొనబోయే మనిషి. ఇంకో రోజైతే ఆ ఒక్క మాటతో నా గిరాకీ కాలిపోయేది. ఆ క్షణంలో అది నాకు పట్టలేదు.

“అంటాను. ఆడనే కూర్సో. కదిలితే ఇంకా అంటాను.”

“యో, నువ్వేనా?”

“నేనే లేమ్మే. కూర్సో. కింద కూర్సోని రాయి పట్టుకో. ముందు లోయ ఉండాది.”

ఏడుపు మొదలైంది. చెంబు ఆమె చేతిలోంచి జారింది. రాతి మీద దొర్లిన చప్పుడు కొంతసేపు వినబడి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకేమీ వినబడలేదు.

దొరస్వామి బావి చేంతాడు తెచ్చి నా నడుముకు కట్టాడు. రెండో కొస డ్రైవరు, వెంకటేశులు పట్టుకున్నారు. దొరస్వామి, నేను బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాం. తడిసిన రాయి సబ్బులాగా ఉంది. ఆమెను మాట్లాడిస్తూనే ఉన్నాను. నోటికొచ్చినట్టు ఆంజనేయులును తిడుతున్నాను. ఆమె ఏడుస్తూనే ఒక్కొక్క మాటకు జవాబు చెబుతోంది. ఆ జవాబులను పట్టుకుని పాకాం. అరచేతి కింద సున్నపు గీత తగిలింది. ఆమె గొంతు ఇంకా ముందు ఉంది.

చీర అంచు చేతికి తగిలింది. తర్వాత మడమ. పట్టుకున్నాను. ఆ మడమను అంత గట్టిగా పట్టుకున్నందుకు వారం రోజులు అక్కడ కమిలి ఉంది. కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆమెకు చెయ్యి చాపినంత దూరంలో రాయి అయిపోయింది.

వరండాలోకి వచ్చాక బయ్యమ్మ ఆమె కాళ్ల మీద పడింది. “పో, నీ తప్పేముంది,” అని మునిరత్నమ్మే ఆమెను లేపింది. దొరస్వామి రాగి అంబలి వేడిగా కాచి తెచ్చి, తాగించడానికి గ్లాసు తనే పట్టుకున్నాడు. అతని మోచేతులు గీరుకుపోయి నెత్తురు కారుతోంది. వెంకటేశులు తన శాలువా తీసి ఆమెకు కప్పి, మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ నవ్వడం లేదు. పన్నీరు వాసన లేదు. నేను చూడవలసింది చూశాను.

అందరూ లోపలికి పోయాక ఆమెను అడిగాను. “అంత మంది పిలుస్తాంటే పలకలేదు సరే. ఆ అరుపుల్లో నా గొంతు ఇనపళ్లేదా?”

“ఇనపడినాది.”

“మరి?”

ఆమె శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది. “కడమోళ్లు పిలిస్తే మనుషులేమో అనుకుంటిని. లేసి వద్దామనే ఉంటిని. అప్పుడు నీ గొంతుతో పిలిచినాది, మునిరత్నా, మునిరత్నా అని. అది నువ్వు కాదని తెలిసిపాయ. లేసి ఆ పక్కకు పోతిని.”

“కాదని యాల అనుకున్నావు?”

“పెండ్లయినప్పటి నుంచి ఒక్కనాడన్నా నన్ను పేరు పెట్టి పిలిచినావా?”

నేను వెతికాను. జ్వరాల్లో, కాన్పుల్లో, పండుగల్లో, తగాదాల్లో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. మే అన్నాను, ఒసే అన్నాను, ఇదిగో అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఆ పేరు ఇప్పుడైనా మెల్లగా అందామని నోరు తెరిచాను.

ఆమె ఉలిక్కిపడి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు,” అంది. “ఈ కొండ మింద వద్దు. నాకు భయంగా ఉండాది.”