హనుమక్క బొటనవేలు

ఆ గొర్రెల వీడియో గేమ్ టీవీకి తగిలించుకునే కన్సోల్‌లోకి ఎందుకు రాలేదని ఇంటర్నెట్‌లో జనం ఇప్పటికీ అడుగుతుంటారు. కంపెనీవాళ్ళు సాంకేతిక కారణాలంటారు. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ సాంకేతిక కారణం గార్లదిన్నె దగ్గర మా ఊళ్ళో గొర్రెలు మేపుకుంటోంది. మా అవ్వ, హనుమక్క.

ఆట చేసింది మా ఊరి పెద్దరైతు కొడుకు శ్రీకాంత్. బెంగళూరులో కంపెనీ పెట్టాడు. ఒకసారి ఊరికొచ్చినప్పుడు అవ్వ గొర్రెల్ని పిలిచే పిలుపును ఫోన్‌లో రికార్డు చేసుకుపోయాడు. కరువు నేల మీద మందను నీళ్ళ దాకా నడిపించడమే ఆట. బటన్ నొక్కితే అవ్వ గొంతు పలుకుతుంది, గొర్రెలు పరిగెత్తుకొస్తాయి. ఫోన్లలో, కంప్యూటర్లలో జనం విరగబడి ఆడారు. బహుమతి కూడా వచ్చింది.

అంతవరకూ మాకేం కోపం లేదు. బహుమతి తీసుకునేటప్పుడు వాడు వేదిక మీద కళ్ళు తుడుచుకుని, ఆ గొంతిచ్చిన ముసలమ్మ ఇప్పుడు లేదన్నాడు. ఆట చివర్లో అవ్వ ఫోటోకు దండ వేసి చూపించాడు. ఏడిపిస్తే సరుకు బాగా అమ్ముడుపోతుందని వాడికి తెలుసు.

గుత్తిలో ఉండే అవ్వ తమ్ముడు ఆదెన్నకు ఎవరో ఆ ఫోటో చూపించారు. ఆ ముసలాయన రొమ్ము బాదుకుంటూ బస్సెక్కి వచ్చేశాడు. వాకిట్లో శనక్కాయలు వలుస్తున్న అక్కను చూసి అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన చేతి సంచిలో కొత్త చీర ఉంది. చచ్చిపోయిన ఆడమనిషి మీద కప్పడానికి పుట్టింటివాళ్ళు తెచ్చే చీర అది. అవ్వ చీర మడిచి పెట్టెలో దాచింది.

మొన్న ఎండాకాలంలో శ్రీకాంత్ కారు మా వాకిట ఆగింది. ఆటలో వినిపించే ప్రతి మనిషి ఒప్పుకోలూ కాగితం మీద ఉండాలని, చనిపోయుంటే మరణ ధ్రువపత్రం కావాలని కన్సోల్‌వాళ్ళు పట్టుబట్టారట. వేరే ఆమె గొంతు పెట్టి చూస్తే ఆట చప్పగా తయారైందట. ఇన్నాళ్ళూ "ఏమే హనుమక్కా" అని పిలిచినవాడు ఆరోజు "అవ్వా" అన్నాడు. పళ్ళు, శాలువా, కాగితం అన్నీ అరుగు మీద పరిచాడు.

అవ్వ లోపలికి పోయి తమ్ముడు తెచ్చిన చీర కట్టుకొచ్చింది.

"ఏమప్పా, నేను చచ్చిపోయినానని చెప్పినావంట?"

"అట్లంటే ఆయుష్షు పెరుగుతాదిలే అవ్వా. దుడ్లు ఎంతడిగితే అంత ఇస్తా. ఒక్క వేలిముద్ర వెయ్యి."

"నీ దుడ్లు నాకొద్దు. నా పటానికి ఆ దండ తీసెయ్. హనుమక్క బతికుండాది, నేను అబద్ధం చెప్పినానని ఆ వేదిక మీద చెప్పినట్లే అందరికీ చెప్పు. అప్పుడు వేస్తా."

"అట్ల చెప్తే నా పరువు యాడుంటాది?"

"నా పానం కన్నా నీ పరువు పెద్దదా? అయితే చచ్చినదాని వేలు నీకెందుకప్పా? పో."

వాడు విసురుగా కాగితం తీసుకుని లేచాడు. అప్పటికే మిట్టమధ్యాహ్నం. మా మంద కారు నీడకు చేరి చక్రాల చుట్టూ పడుకుంది. హారన్ కొట్టాడు, అరిచాడు, కాలితో తోశాడు. ఒక్క గొర్రె కదల్లేదు.

"ఒక్కసారి పిలువు అవ్వా. ఇట్లొచ్చేస్తాయి."

అవ్వ అరుగు మీద కూర్చుని కొంగు సర్దుకుంది. "చచ్చినోళ్ళు పిలుస్తారాప్పా?"

శ్రీకాంత్ మొహం ఎర్రబడింది. ఫోన్ తీసి, ఆట తెరిచి బటన్ నొక్కాడు. దండేసిన అవ్వ గొంతు గట్టిగా పలికింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. అది రమ్మనే పిలుపు. పాకలో ఉన్నవి కూడా పరిగెత్తుకొచ్చి వాడి చుట్టూ మూగాయి. కారు తలుపు తెరిచే సందు కూడా మిగల్లేదు.

పొద్దు వాలేదాకా వాడు ఆ ఎండలోనే నిలబడ్డాడు. మధ్యలో నా వైపు తిరిగి, "ఉమా, దాహమైతాండాది. రోన్ని నీళ్ళియ్యి" అన్నాడు.

మా సీమలో దాహమన్నవాడికి ఎవరూ నీళ్ళు లేవని చెప్పరు.

నేను లేవన్నాను.