డ్యూ టు పర్సనల్ రీజన్స్

డ్యూ టు అంటే వల్ల, పర్సనల్ అంటే సొంత, రీజన్స్ అంటే కారణాలు, సొంత కారణాల వల్ల, అంతే కదా, ఇంతోటి మాట తెలుగులో చెప్పడానికి నాలుక ఎందుకు తిరగడం లేదు అనుకుంటూ శీతల్ దవాఖానా మెట్లెక్కుతోంది, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, ఫైల్లో పొద్దున తానే టైపు చేసిన కాగితం, కార్ఖానాలో పనిచేసే గోదావరి పేరు మీద రాజీనామా, కింద ఆరో తారీఖు, గోదావరి జడ నూలు కండెలు చుట్టే మిషన్ బెల్టు పట్టాలో చిక్కుకున్నది మాత్రం ఏడో తారీఖున, పొద్దున పదకొండింటికి, చాయ్ వచ్చే వేళకి, ఒక్క రోజు వెనక్కి జరిపితే ఆ మనిషి ఆ పూట కార్ఖానాలోనే లేనట్టు, కేసు లేదు, ఇన్‌స్పెక్టర్ రాడు, పట్టా మీద అడ్డంగా ఉండాల్సిన ఇనప జాలీ ఊడిపోయి ఎన్నాళ్ళయిందని ఎవరూ అడగరు, కార్ఖానా యజమాని పాండురంగ్ శేఠ్ తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పాడు, శీతల్ బిడ్డా, నువ్వు మనింటి మనిషివి, ఆరో తారీఖుకే పని ఇడిసిపెట్టినట్టు ఏదో ఒకటి మంచిగ ఇంగ్లీషుల రాయి, గోదావరి తల్లికి నువ్వంటే భరోసా, పిల్ల మత్తుల ఉంటే ఏమాయె, బొటనేలు ఉంది గదా, అద్దిచ్చుకొని రా, ఆ బొటనేలు ఉంది గదా అన్న మాట కుంఠా నాకా నుంచి ఆటోలో ఆమెతోపాటే వచ్చింది, కొంతం చౌక్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా పక్కనే కూర్చుంది, ఇప్పుడు మెట్లు కూడా ఎక్కుతోంది, ఇంకెన్ని మెట్లు, ఆడోళ్ళ వార్డు రెండో అంతస్తు అన్నారు.

ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు మేడమ్ బోర్డు మీద రాసిందే ఈ మాట, చూడండి పిల్లలూ, ఇది రాస్తే మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు అని, క్లాసంతా నవ్వింది, శీతల్ మాత్రం నోట్సులో రాసుకుని కింద గీత గీసుకుంది, ఎంత మర్యాదగా ఉందో ఆ మాట, ఇస్త్రీ చేసిన చద్దర్‌లా ఎక్కడా మడత లేకుండా, ఆ తర్వాత నీలం నగర్‌లో ఎవరింట్లో ఏం జరిగినా రాసిపెట్టమని కాగితం ఆమె గుమ్మంలోకే వచ్చేది, పిల్ల బడికి రాలేదంటే అదే మాట, ఇల్లు ఖాళీ చేస్తున్నామంటే అదే మాట, మొగుడు తాగి తల పగలగొడితే నాలుగు రోజులు సుట్టీకి అర్జీ, అందులోనూ అదే, కార్ఖానా ఆఫీసులో టైపు కొడుతున్న పదకొండేళ్ళుగా అదే, టవల్స్ మడతపెట్టే కోమల్‌ని మగ్గాలు చూసే జాబర్ కిరణ్ స్టాకు గదిలో అడ్డగించాడు, ఆ పిల్ల ఏడుస్తూ బల్ల ముందు నిలబడితే డ్యూ టు పర్సనల్ రీజన్స్, సావిత్రి దూది దుమ్ముకి రక్తం కక్కి మగ్గం పక్కనే కూలబడితే డ్యూ టు పర్సనల్ రీజన్స్, ఏడో నెలలో శీతల్ కడుపులో బిడ్డ కదలడం మానేసినప్పుడు ఐదు రోజుల సుట్టీకి తన కాగితం తానే టైపు చేసుకుంది, వేళ్ళు ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టలేదు, తిరిగొచ్చాక నిజంగానే ఎవరూ ఏమీ అడగలేదు, ఒక్క గోదావరి అడిగింది, అవును, గోదావరే, కండెల బుట్ట చంకలో పెట్టుకొని వచ్చి, ఆడపిల్లనా అక్కా అని.

వార్డులో డెట్టాల్ వాసన, దాని కింద ఇంకేదో వాసన, కిటికీ పక్క మంచం, తలంతా తెల్లటి కట్టు, కనుబొమల దాకా, నుదురు ఏది కట్టు ఏది తెలియడం లేదు, ముఖం ఉబ్బి ఎవరో వేరే మనిషిలా ఉంది, చెయ్యి చూస్తే మాత్రం గోదావరి చెయ్యే, చూపుడు వేలు పక్కన దారం కోసిన గీతలు, స్టూలు మీద తల్లి సుందరాబాయి లేచి నిలబడింది, వచ్చినవా బిడ్డా, కార్ఖానా నుంచి ఒక్కరు రాలేదు, నువ్వన్న వచ్చినవు, కూసో అని స్టూలు తుడిచింది, శీతల్ కూర్చోలేదు, అవ్వా, ఒక కాగితం మీద గోదావరి ఏలు పెట్టాలె అంది, తన గొంతు తనకే టైపు మిషన్ చప్పుడులా వినిపించింది, సుందరాబాయి ఏమీ అడగకుండా కూతురి చెయ్యి పైకెత్తింది, బొటనవేలు విడదీసి పట్టుకుంది, ఏలుకు ఏమన్న నొప్పయితదా అని మాత్రం అడిగింది, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, ఏముంది బిడ్డా ఇందుల, జర సదివి చెప్పు అంది.

నేను గోదావరిని, అని మొదలుపెట్టింది శీతల్, నా సొంత కారణాల వల్ల పని ఇడిసిపెడుతున్న, ఆ మాట మొదటిసారి తెలుగులో బయటికొచ్చి మంచం మీద కట్టుకట్టిన తల పక్కన పడింది, సుందరాబాయి అర్థం కానట్టు చూసింది, సొంత కారణాలా, మిషన్‌కు జాలీ లేకపోవుడు నా బిడ్డ సొంత కారణమా, బిగియ్యమని రెండుసార్లు అడిగొచ్చిన అని ఇంటికొచ్చి చెప్పింది గదా, ఎవరు రాసిండ్రు ఇట్ల, శేఠ్ రాసిండా, అవునని తల ఆడించబోయింది శీతల్, అదే తేలిక, శేఠే అంటే సరిపోయేది, కానీ శేఠ్‌కి ఇంగ్లీషు ముక్క రాదు, ఏదో ఒకటి రాయి అన్నాడు, అంతే, కోమల్‌కీ ఏదో ఒకటి రాయి అన్నాడు, సావిత్రికీ అంతే, ఆ మాట ఎన్నడూ అతని నోట రాలేదు, వెతికి తెచ్చింది తను, ప్రతిసారీ తనే, ఎవరూ అడక్కుండా తలుపు మూసింది తనే, నేనే రాసిన అవ్వా, ఏలు పెట్టనియ్యకు అంది, గొంతు ఈసారి మనిషి గొంతులాగే ఉంది, సుందరాబాయి కూతురి చేతిని మెల్లగా దించి చద్దర్ కింద దాచి, పైన తన అరచెయ్యి అదిమి పెట్టింది, ఆ ముసలి చేతిని చూస్తూ నిలబడ్డ శీతల్‌కి తెలిసింది, ఆమె బిడ్డను దాస్తున్నది శేఠ్ నుంచి కాదు, తన నుంచే.