షుగర్ తగ్గిందహో

మా బావ కుర్మయ్యకు డాక్టరు చదువు అబ్బలేదు కాబట్టి ఊరు బతికిపోయింది. మా అక్కకు మాత్రం ఆ అదృష్టం లేకపోయింది.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. లచ్చమ్మ నా యారాలు. పాల్మాకులలో అన్నదమ్ములిద్దరినీ చేసుకుని, ఒకే వాకిలికి అటొకరం ఇటొకరం కాపురం పెట్టాం. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలు. నేను వచ్చిన కొత్తలో అన్నం గంటె ఆమె చేతిలో ఉండేది. ఒకసారి మారు వడ్డించమని అడిగితే, "పెండ్లయ్యి పది దినాలు గాలే, గింత ఆకలేందే?" అని పదిమందిలో అనేసింది. అందరూ నవ్వారు. ముప్పై ఏడేళ్లయింది. నేను మరిచిపోలేదు. మంచిదాన్ని కాబట్టి ఈ కథ చెప్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

బావ ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీలు నెట్టేవాళ్ల మీద సూపర్‌వైజరుగా చేశాడు. ముప్పై మంది మీద అరిచి అలవాటు పడ్డ నోరు. రిటైరయ్యాక అరవడానికి ఇంట్లో ఒక్క మనిషే మిగిలింది. కొడుకులు లేరు. ఒక్క బిడ్డ సంతోషిని తుక్కుగూడలో ఇచ్చారు.

పోయిన ఏడు భాద్రపదంలో, వానలు తగ్గుముఖం పట్టాక, శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో అరవై దాటినవాళ్లకు ఆరోగ్య శిబిరం పెట్టారు. వానలు పోయి చలి దిగే రోజుల్లో పెద్దవాళ్లు ఏం తినాలి, ఎట్లా ఉండాలి అని చెప్పారు. చెప్పినవి మంచి మాటలే. జొన్నరొట్టె తినండి, ఆకుకూర తినండి, పప్పు మానకండి, దాహం వేయకపోయినా నీళ్లు తాగండి, పొద్దుటి ఎండలో నడవండి, కొంచెం కొంచెంగా వేళకు తినండి. వేళకు తినండి అన్న మాట రెండుసార్లు చెప్పారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. చివర్లో ఒక కాగితం పంచారు. ముందు వైపు తినాల్సినవి, వెనక వైపు తినకూడనివి. మా బావ వెనక వైపే చదువుకున్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అట్లా తయారయ్యాడు. అక్కకు పదేళ్లుగా షుగరుంది. తిండికి ముందర వేసుకునే గోళీ, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శిబిరం నుంచి వచ్చిన మర్నాడే అన్నం మాన్పించాడు. నాలుగు రోజులకు పొద్దుటి రొట్టె మాన్పించి, కాకరకాయ రసం పోశాడు. ఇంకో వారానికి రాత్రి తిండి కూడా పోయి ఒక గ్లాసెడు పలచని మజ్జిగ మిగిలింది. గోళీ మాత్రం ఒక్క పూట తప్పనివ్వలేదు. ఆ గోళీల డబ్బా, బియ్యం డబ్బా, బెల్లం డబ్బా అన్నీ బీరువాలో పెట్టి తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తను మాత్రం మూడు పూటలా తిన్నాడు. తనకు షుగరు లేదు కదా.

సంతోషి ప్రేమ కొద్దీ షుగరు చూసే మిషన్ కొనిచ్చింది. శిబిరంలో చేరినవాళ్లంతా వాట్సాప్ గ్రూపు కట్టుకున్నారు. మా బావ రోజూ పొద్దున్నే అక్క వేలికి సూది గుచ్చి, మిషన్ మీద వచ్చిన అంకెను ఫోటో తీసి గ్రూపులో పెట్టేవాడు. రెండు వందల పన్నెండు. నూట అరవై. నూట పద్దెనిమిది. కింద అందరూ చప్పట్ల బొమ్మలు. బుద్వేల్‌లో బిక్షం సారని రిటైరైన పంతులు ఒకాయన, తన భార్యది నూట పది అని పెట్టాడు. అంతే, మా బావకు రోషం పొడుచుకొచ్చింది. ముసలోళ్లిద్దరూ పెళ్లాల నెత్తురుతో పందెం వేసుకున్నారు. థూ, ఏం మగవాళ్లో!

"మాది తొంభై ఆరు! షుగర్ తగ్గిందహో!" అని ఒక పొద్దున వాకిట్లో నిలబడి దండోరా వేసినట్టు అరిచాడు.

నేను నవ్వాను. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమైంది. గంటె పట్టుకుని ఊరేగిన మనిషి ఇప్పుడు గ్లాసెడు మజ్జిగ కోసం మొగుడి మొహం చూస్తోంది. సీతాఫలాల కాలం. నేను రోడ్డు మీద బుట్టెడు కొనుక్కొచ్చి, మా గడపలో కూర్చుని, ఆమె చూస్తుండగా తిన్నాను. ఆమె గింజలు ఉమ్మే నా నోటి వంకే చూసింది. ఒక్కటి ఇవ్వమని అడగలేదు. నేను ఇవ్వనూ లేదు.

పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు మా మామ పేరిట బియ్యం ఇచ్చి, గారెలు చేసి విస్తరిలో పెట్టారు. చచ్చినాయనకు గారెలు, బతికున్నామెకు కాకర రసం. అక్కే ఆ మాట అంది. "సక్కూ, నేను గూడ పోతే ఏడాదికొక్కసారన్న పెడ్తరు గదనే" అంది. అని నవ్వింది. అప్పటికే చెంపలు లోపలికి పోయాయి. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. మా పల్లె దవాఖాన నర్సు శ్రీలత కూడా ఆ గ్రూపులో ఉంది. డెబ్భై నాలుగు అన్న ఫోటో చూసి ఆ పిల్ల స్కూటీ వేసుకుని ఇంటికే వచ్చింది.

"కాకా, డెబ్భై కన్న దిగితే సంబురపడేది గాదు, భయపడేది. గోళీ ఏసి తిండి పెట్టకుంటే మనిషి పడిపోతది. చేతులు వణికి చెమటలు వడితే ఏం సోంచాయించకుండ చక్కెరనో బెల్లమో నోట్లె పెట్టాలె. రేపు దవాఖానకు తోల్కరా, గోళీ తగ్గిస్తం."

"గోళీ తగ్గిస్తే షుగర్ పెరగదా? నిన్న మొన్న పుట్టినవు, నాకు జెప్తవా?" అన్నాడు బావ. "దసరా ఎల్లినంక జూద్దాం తియ్."

శ్రీలత నా వైపు తిరిగి, "చిన్నమ్మా, నువ్వన్న జర జూస్కో" అంది. చూసుకుంటానని తలూపాను. ఆ మాటలన్నీ నేను విన్నాను. బావ మూర్ఖుడు, వినలేదు. నేను విన్నాను.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున అరవై ఒకటి వచ్చింది. పండగ కాబట్టి ఆ రోజు ఇంకా గట్టిగా ఉండాలని మధ్యాహ్నం కూడా రసమే పోశాడు. సాయంత్రం గోళీ వేసి, కొత్త చీర కట్టించి తోలుకొచ్చాడు. బడి ముందర మైదానంలో బతుకమ్మలన్నీ పెట్టి ఆడుతున్నాం. ప్రతి ఒక్కరం ఒక మలీద పళ్లెం తెచ్చి పక్కన పెట్టుకున్నాం. రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతాం. ఆట అయ్యాక ఒకరికొకరం వాయినంగా ఇచ్చుకుని తింటాం. ఆ రోజు అడిగినవాళ్లకు లేదనడం అంటూ ఉండదు.

మా బావ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ మధ్యకు వచ్చాడు. "ఇనుండ్రి! మా ఆమెకు ఎవ్వలు మలీద పెట్టొద్దు. ఎవ్వలన్న పెట్టిన్రో, మీ ఇంటికొచ్చి కొట్లాడ్త. రేపు యాభైలకు దించుతున్న, బుద్వేల్ సారు నోరు మూయిస్త!"

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వరస.

రెండు పాటలయ్యేసరికి అక్క అడుగు తప్పింది. చప్పట్లు అందరూ ఒకసారి కొడితే ఆమె ఇంకోసారి కొడుతోంది. చలిగాలి వీస్తుంటే ఆమె నుదురు మీద చెమట కారుతోంది. పాట ఆగి అందరం పళ్లేలు చేతుల్లోకి తీసుకుంటుంటే, తూలుకుంటూ నా దగ్గరకు వచ్చి నా ముంజేయి పట్టుకుంది. ఆ చేయి వణుకు నా పళ్లేనికి పాకింది.

"సక్కూ... ఒక్క ముద్ద పెట్టవే. నీ కాల్మొక్త. కండ్లు గనవడ్తలేవు."

నాకు శ్రీలత చెప్పింది గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అంటే నా నాలుక పడిపోతుంది. బావ ఫోన్ ఇటే తిప్పి ఉంది, చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆయనకు భయపడ్డాను కొంత. మిగతాది భయం కాదు. పళ్లెం వెనక్కి లాక్కుని, "గింత ఆకలేందక్కా?" అన్నాను.

ఆమెకు అర్థమైందో లేదో. అక్క నా పక్కామె పళ్లెం వైపు చేయి చాచింది. ఆ పక్కామె కూడా నా వంక చూసి పళ్లెం లాక్కుంది. ఇంకొకామె, ఇంకొకామె. ఊరి ఆడవాళ్లంతా బెల్లం పట్టుకుని నిలబడి ఉండగా అక్క మధ్యలో కూలబడింది.

"డ్రామలు! తీపి కోసం డ్రామలు!" అంటూ బావ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. ఆమె కాళ్లు ఈడుస్తూ నడిచింది. మేము బతుకమ్మలను కుంటలో వదిలి, వాయినాలు ఇచ్చుకుని, మలీద తిని ఇళ్లకు వచ్చాం. వాళ్ల తలుపు మూసి ఉంది. లోపల అక్క పెద్దగా గురక పెడుతోంది. హాయిగా నిద్రపోతోంది కదా అనుకుని నేనూ పోయి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి బావ గడపలో నిలబడి మిషన్‌ను ఎండకు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"సక్కుబాయ్, అంకె వస్తలేదు. రెండు ఇంగ్లిషు అక్షరాలు వస్తున్నయి. ఎల్, ఓ. లో అంటే తక్కువ గదా?"

"అక్క లేచిందా?"

"ఎక్కడిది, లేపితే లేస్తలేదు. సూది గుచ్చినా ఉలుకు లేదు. బాగ తక్కువని అంకె గూడ ఇస్తలేదు జూడు! ఇగ మనల గెలిచెటోడు లేడు."

ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. నా కళ్ల ముందే చప్పట్లు వచ్చాయి. బిక్షం సారు దండం బొమ్మ పెట్టి, ఓడిపోయానని రాశాడు. మా బావ మొహం వెలిగిపోయింది. నేను ఆయనను తోసుకుని లోపలికి ఉరికాను. అక్క నోటి వెంట చొంగ కారుతోంది. ఒళ్లు మంచులా ఉంది. కళ్లు సగం తెరిచి పైకప్పు చూస్తున్నాయి.

గ్రూపులో ఫోటో చూసి శ్రీలత దారిలోనే 108కు ఫోన్ చేసి వచ్చింది. నెత్తి బాదుకుంటూ వచ్చింది. "చంపినవ్ గద కాకా! చంపినవ్ గద!" అంటూ చేతికి గ్లూకోజు సూది ఎక్కించింది. బావ ఇంకా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. ఆయన చేతిలో అది టింగు టింగుమంటోంది. "ఏమైంది? తగ్గితే మంచిదే గదా? తగ్గాలనే గదా?" అని అందరినీ అడుగుతున్నాడు.

పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉంది. రాత్రంతా చక్కెర అందక మెదడు ఎండిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రే ఒక్క చెంచా చక్కెర పడితే లేచి కూర్చునేదట. ఒక్క ముద్ద మలీద చాలు అని ఆయన అనలేదు. నేను అనుకున్నాను.

దీపావళి ముందు ఇంటికి తెచ్చారు. ఎవరినీ గుర్తు పట్టదు. సంతోషి కాళ్ల మీద పడి ఏడుస్తుంటే ఆ పిల్ల జడ పట్టుకుని ఆడుకుంది. ముక్కు పైపు తీసేశారు. ఇక నోటితోనే తినాలని, నాలుగు రోజులు తినకపోతే మనిషి దక్కదని, తీపైనా సరే ఏది తింటే అది పెట్టమని చెప్పి పంపారు. నీళ్లు పోస్తే తాగింది. తిండి దగ్గరకు తెస్తే పళ్లు బిగబట్టింది.

మూడో రోజు నేనే మలీద చేసి తెచ్చాను. బావ గిన్నె లాక్కుని మంచం పక్కన కింద కూర్చున్నాడు. మొలతాడుకు తాళం చెవి లేదు. గడ్డం మాసింది. చిన్న ముద్ద చేసి ఆమె పెదవులకు ఆనించాడు.

"తిను లచ్చీ. నీ దండం బెడ్త, ఒక్క ముద్ద తిను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది. ఇరవై రోజుల తర్వాత అదే మొదటి మాట.

"వద్దయ్యా. మా ఆయన జూస్తే తిడ్తడు."

"నేనే గదనే మీ ఆయనను! నేనే పెడ్తున్న గదనే!"

ఆమె ఆయన భుజం మీదుగా తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "జల్ది తీస్కపో అయ్యా, వస్తడు" అంది.

ఆయన గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఆమె పట్టించుకోలేదు. నేను గిన్నె అందుకుని ఆయనను బయటకు నెట్టి, తలుపేసి, ఆమె పక్కన కూర్చున్నాను. "లేడక్కా, పోయిండు. ఎవ్వలు లేరు. నేను సక్కును. తిను" అన్నాను. ముద్ద పట్టుకుని చేయి నొప్పి పుట్టేదాకా అట్లాగే కూర్చున్నాను. ఆమె నోరు తెరవలేదు.