పిలిస్తే వస్త

పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే కాజీపల్లి చేరేదాకా ధనలక్ష్మి మాట్లాడుతూనే ఉండేది. పక్క సీట్లో యామిని తల ఊపేది. ఇద్దరిదీ సీసా మూతల కంపెనీలో ఒకే మిషన్ దగ్గర పని. రెండు నెలలుగా యామినికి గొంతు లేదు. మొగుడికి ఇచ్చింది.

మొగుడు శ్రీధర్‌ది పాశమైలారంలో మందుల కంపెనీలో పని. అతనూ, కీబోర్డు వాయించే వీర్రాజూ, డ్రమ్స్ కొట్టే నిఖిలేషూ కలిసి ‘సెకండ్ షిఫ్ట్’ అని బ్యాండ్ పెట్టుకున్నారు. ఆరేళ్లు పెళ్లిళ్లలో ఎవరెవరి పాటలో పాడారు. తీరా సొంత పాట రికార్డు చేసుకుందామనుకున్న వారమే, కంపెనీ పొగకు శ్రీధర్ గొంతు పూర్తిగా పోయింది.

“ఈ ఆదివారం తప్పితే స్టూడియో మళ్లీ దొరకదమ్మా,” అని వీర్రాజు వచ్చి గడపలో కూలబడ్డాడు.

“ఒక్క పాటకే. మళ్ల నాకియ్యాలె,” అంది యామిని. గోరువెచ్చని నీళ్ల గ్లాసు పెదవులకు ఆనించి గొంతును అందులోకి వదిలింది. శ్రీధర్ గటగటా తాగేశాడు.

‘పిలిస్తే వస్త’ పాట నెల తిరగకుండానే ప్రతి ఆటోలో, ప్రతి హోటల్లో మోగింది. అందరూ ఆ గొంతుకే ఏడ్చారు. ప్రోగ్రాం మీద ప్రోగ్రాం. యామిని గ్లాసు ముందు పెట్టినప్పుడల్లా శ్రీధర్ అదే మాట.

“జెర ఆగు యామినీ. సంగారెడ్డి ప్రోగ్రాం అయినంక ఇస్త.”

తన గొంతుతోనే అతను తనను ఆగమంటుంటే ఆమె వింటూ నిలబడేది.

ఒక మంగళవారం మిషన్ ఆగింది. ఇరుక్కున్న మూత తీయడానికి ధనలక్ష్మి చెయ్యి లోపల పెట్టింది. అవతలివైపున్న ఆపరేటర్‌కు ఆమె కనబడలేదు, బటన్ నొక్కబోయాడు. యామిని చూసింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. పరుగెత్తింది. నాలుగడుగుల దూరం. అంతలోనే ధనలక్ష్మి మూడు వేళ్లు పోయాయి.

నెత్తురంటిన చీరతోనే యామిని ఇంటికొచ్చి, ఖాళీ గ్లాసు మొగుడి ముందు పెట్టింది. శ్రీధర్ ఆ చీరనే చాలాసేపు చూశాడు.

“ఎల్లుండి సదాశివపేటలో ప్రోగ్రాం ఉందిరా,” అన్నాడు అక్కడే కూర్చున్న వీర్రాజు మెల్లగా.

శ్రీధర్ వినలేదు. గ్లాసు నింపుకొచ్చి గొంతు అందులోకి వదిలాడు. యామిని తాగింది. బ్యాండ్ ఆ రోజుతోనే ఆగిపోయింది.

మర్నాడు ఆస్పత్రిలో ధనలక్ష్మి కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుంది. పక్క మంచమామె ఫోన్‌లో ఆ పాటే వస్తోంది. యామిని నోరు తెరవగానే, అప్పుడు రాని మాటే ముందు బయటికొచ్చింది.

“అక్కా, చెయ్యి తియ్యి.”

వార్డంతా తిరిగి చూసింది. ధనలక్ష్మి పక్క మంచం వైపు తిరిగి, “జెర ఆ పాట బంద్ చెయ్యమ్మా,” అంది. పాట ఆగింది.

“ఇంకేదన్న మాట్లాడు. నీ గొంతు పాట లేకుంట ఎట్లుంటదో మర్చిపోయిన.”

యామిని మంచం పక్కన మూత పెట్టి ఉన్న కంచం చూసింది.

“అన్నం తిన్నవా?” అంది.

“ఎడమ చేత్తోని వస్తలేదు.”

యామిని చేతులు కడుక్కొచ్చి, కంచం ఒళ్లో పెట్టుకుని, అన్నం కలపడం మొదలుపెట్టింది.