ప్రార్థన నూనె

రూతమ్మ విజిట్ వీసా ఇంకా మూడు రోజులుందనగా, మనవరాలు కీర్తనను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. పదమూడేళ్ల పిల్ల. నిరుడు రియాద్‌లోని ఇండియన్ స్కూళ్ల బ్యాడ్మింటన్ పోటీల్లో కప్పు గెలిచింది. ఇప్పుడు కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది.

ఆ ఆసుపత్రిలోనే నర్సుగా చేసే లీల, తల్లి పక్కన కూర్చుంది.

"రెండంటే రెండే చిన్న బెజ్జాలమ్మా. ఒకదాంట్లోంచి కెమెరా, ఇంకోదాంట్లోంచి పనిముట్టు. సాయంత్రానికి ఇంటికెళ్లిపోతాం. అలా వణికిపోకు."

రూతమ్మ వణుకు అందుకు కాదు. అయిదేళ్లు తన ఒళ్లో పెరిగిన పిల్లను లీల విమానమెక్కించి తెచ్చేసుకున్నాక, ఆవిడకు మిగిలింది ఫోన్లో ముఖమే. మూడు నెలల కిందట తను రియాద్‌లోని మలాజ్ పేటలో లీల ఇంటికి వచ్చిన మర్నాడే ఆ పిల్ల తలుపేసి చెవిలో చెప్పింది.

"అమ్మమ్మా, చెయ్యి నొప్పి. అమ్మకి చెప్పకేం! ఫైనల్స్‌కి పంపదు. నీ నూనె రాసెయ్, చాలు."

పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన కొబ్బరినూనె పెట్టెలో ఉంది. లీల డ్యూటీకెళ్లిన ప్రతి మధ్యాహ్నం రూతమ్మ అది రాసింది. తగ్గిందా అంటే, తగ్గిందనేది పిల్ల. ఇన్నేళ్ల ఎడబాటు తర్వాత మనవరాలు తనకు మాత్రమే చెప్పిన మాట. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ అనమ్ బయటికొచ్చి లీలతో ఇంగ్లీషులో మాట్లాడి వెళ్లింది. లీల గోడకు ఆనుకుంది.

"విరిగిన ఎముక ముక్క తీసేశారు. అది లోపల్లోపలే రాసుకుని కీలు అరిగిపోయిందంట. మొదట్లోనే తెస్తే ఆట మానిపించి నయం చేసేవాళ్లంట. ఇంక రాకెట్ పట్టుకోకూడదంట." ఆమె తన చేతులు చూసుకుంది. "ఎంతమంది పిల్లల చేతులకి కట్లు కట్టానమ్మా! నా పిల్ల చెయ్యి చూసుకోలేకపోయాను."

నూనె సంగతి తాను చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. కాని కూతురు అలా తన్నుతాను తిట్టుకుంటుంటే రూతమ్మ చూడలేకపోయింది.

"నీ తప్పు కాదే. నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"వచ్చిన మర్నాటి నుంచీ."

లీల గోడ దగ్గర్నుంచి కదిలింది. కూతురి దగ్గరకు వెళ్లిపోయింది.

మూడో రోజు విమానాశ్రయంలో కూడా లీల పాస్‌పోర్టు, టికెట్టు చేతికిచ్చిందే గాని, ఎప్పటిలా ప్రయాణ ప్రార్థనకు తల వంచలేదు. కీర్తన మాత్రం మెడకు వేలాడేసిన చెయ్యి జాగ్రత్తగా పట్టుకుని అమ్మమ్మ ముందుకొచ్చి తల వంచింది.

రూతమ్మ చెయ్యి అలవాటుగా ఆ మోచేతివైపు వెళ్లింది. కట్టు దగ్గరికెళ్లి ఆగిపోయింది. ముట్టుకోవడానికి భయమేసింది. ప్రార్థన ఒక్క ముక్కా నోటికి రాలేదు.